షరతులతో దొరికిన అనుమతి ఒక అమానతు

మద్యం నిషిద్ధమన్న విషయంలో ముస్లిం కుటుంబాలకు కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. అల్ మాయిదా సూరాలోని 90, 91 ఆయతులు మద్యాన్ని షైతాను పనుల్లోని మాలిన్యంగా పేర్కొని, దానికి దూరంగా ఉండమని విశ్వాసులను ఆదేశించాయి. ఆ ఆదేశం వెలువడిన రోజున మదీనా వీధుల్లో మద్యం పారబోశారని హదీసులు తెలుపుతున్నాయి. ఎక్కువ తాగితే మత్తెక్కించేది ఏదైనా సరే, దాన్ని కొంచెం తాగడం కూడా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. ఇంతవరకు మనలో ఎవరికీ సందేహం లేదు.

సందేహం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక ముస్లిం యువకుడు తెలిసి తెలిసి ఆ పాపానికి ఒడిగట్టాడనుకుందాం. తాగి కారు నడిపాడు. పోలీసులు పట్టుకున్నారు. నేరం రుజువై లైసెన్సు పోయింది. కొంతకాలానికి కోర్టు అతని విన్నపం మేరకు ఒక కాగితం ఇచ్చింది. ఫలానా పనుల కోసం, ఫలానా వేళల్లో మాత్రం కారు నడుపుకోవచ్చని ఆ కాగితం సారాంశం. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది. మన తెలుగు ముస్లిం కుటుంబాల నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడినవారు ఈనాడు ఎందరో ఉన్నారు. అలాంటి ఇంట్లో ఈ సంఘటన జరిగితే, ఇక్కడున్న తల్లిదండ్రులకు మొదట కలిగేది సిగ్గు, తర్వాత భయం. ఆ రెండూ కాస్త తగ్గాక ఒక ప్రశ్న మిగులుతుంది. పాపం చేసినవాడు సౌకర్యం అడగవచ్చా? అడిగి పొందితే, దాన్ని ఎలా వాడుకోవాలి? ఇది కేవలం చట్టానికి సంబంధించిన ప్రశ్న కాదు. ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఆ అనుమతి ఎలాంటిది?

ముందుగా విషయం సరిగా తెలుసుకుందాం. అమెరికాలో దీనికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు ఉంది. నార్త్ కరోలినా, మిస్సోరి, ఒహాయో రాష్ట్రాల్లో దీన్ని 'లిమిటెడ్ డ్రైవింగ్ ప్రివిలేజ్' అంటారు. టెక్సాస్‌లో వృత్తి అవసరాల లైసెన్సు అన్న అర్థం వచ్చే పేరు ఉంది. రక్తంలో 0.08 శాతం ఆల్కహాలు ఉంటే తాగి నడిపినట్లేనని ఆ దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల చట్టాలూ చెబుతాయి. యూటా రాష్ట్రం మాత్రం 2018 చివరి నుంచి ఆ పరిమితిని 0.05కు తగ్గించింది.

నార్త్ కరోలినా చట్టాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ మొదటిసారి ఈ నేరం రుజువైతే సాధారణంగా ఏడాదిపాటు లైసెన్సు రద్దవుతుంది. ఆ గడువులో పరిమిత అనుమతి ఇచ్చే అధికారం న్యాయమూర్తికి ఉంది. అయితే అడిగిన ప్రతివారికీ అది దొరకదు. మద్యం అలవాటు ఏ స్థాయిలో ఉందో నిపుణుల చేత పరీక్ష చేయించుకోవాలి. వాహన బీమా ఉన్నట్లు రుజువు చూపాలి. ఏయే పనుల కోసం నడపవచ్చో కూడా చట్టమే చెప్పింది: ఉద్యోగం, ఇంటి నిర్వహణ, చదువు, కోర్టు ఆదేశించిన చికిత్స, శిక్షలో భాగంగా చేయవలసిన సమాజ సేవ, అత్యవసర వైద్యం, ఇంకా ఆరాధన. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 6 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు ఉన్న సమయాన్ని సాధారణ పనివేళలుగా ఆ చట్టం నిర్వచించింది. వేరే వేళల్లో ఉద్యోగం ఉందనేవారు సాధారణంగా దానికి ఆధారం చూపించాలి.

మరో షరతును మనం ప్రత్యేకంగా గమనించాలి. ఈ అనుమతి పొందినవాడు ఒంట్లో ఏమాత్రం మద్యం ఉన్నా కారు నడపకూడదు. 0.08 పరిమితి అతనికి ఇక వర్తించదు. పట్టుబడిన నాడు అతని రక్తంలో మద్యం 0.15 గానీ అంతకు మించి గానీ ఉంటే, కారుకు 'ఇగ్నిషన్ ఇంటర్‌లాక్' అనే యంత్రం బిగించుకోవాలి. ఆ యంత్రంలోకి ఊదితేనే కారు స్టార్టవుతుంది. ఊపిరిలో మద్యం ఉంటే కారు కదలదు. ఈ షరతుల్లో దేన్ని మీరినా, లైసెన్సు రద్దయి ఉండగా నడిపిన నేరం కింద మళ్ళీ శిక్ష పడుతుంది.

అందరికీ ఒక గీత గీసిన చట్టం, ఒకసారి జారిపడినవాడికి మాత్రం చుక్క కూడా వద్దంటోంది. మన షరీఅత్ ఈ మాటను మనిషి జారిపడక ముందే చెప్పింది, అందరికీ చెప్పింది. కాబట్టి "నేను మరీ ఎక్కువేం తాగలేదు, అంకె కొద్దిగా దాటిందంతే" అనడం కోర్టులో ఒక వాదన కావచ్చేమో. ఒక ముస్లిం నోట అది వాదన కాదు. అతని తప్పు 0.08 దగ్గర మొదలు కాలేదు, మొదటి గుక్క దగ్గరే మొదలైంది.

పాపికి సౌకర్యం ఉంటుందా?

కొందరు ధర్మనిష్ఠగల పెద్దలు ఇలా అంటారు: "తాగి బండి నడిపినవాడికి సౌకర్యం దేనికి? నడవనివ్వండి. బుద్ధి వస్తుంది." ఈ మాటలో న్యాయం లేదని అనలేం. ఎందుకంటే ఇలాంటి ప్రశ్న మన ఇమాముల ముందుకు వేరే రూపంలో ఎప్పుడో వచ్చింది.

ప్రయాణంలో నమాజును కుదించుకునే సౌకర్యాన్ని అల్లాహ్ ప్రసాదించాడు. మరి ఒకడు దోపిడీ కోసమే ప్రయాణం కట్టాడనుకుందాం. అతనికి ఆ సౌకర్యం వర్తిస్తుందా? వర్తించదని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) గార్ల మార్గాల్లోని ప్రసిద్ధ అభిప్రాయం. సౌకర్యం పాపానికి తోడ్పాటు కారాదని వారి వాదన. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మార్గంలో మాత్రం అతనికీ వర్తిస్తుంది. సౌకర్యానికి కారణం ప్రయాణం. పాపం దానికి వేరుగా అంటుకుని ఉన్న విషయం. దాని లెక్క వేరే చూడబడుతుంది. అయితే సౌకర్యం లేదన్నవారు కూడా తలుపును పూర్తిగా మూసివేయలేదు. దారి మధ్యలో అతను తౌబా చేసుకుంటే, అక్కడి నుంచి అతని ప్రయాణం ధర్మబద్ధమైన ప్రయాణం అవుతుందని వారన్నారు.

మన ప్రశ్నకు ఇక్కడ ఒక దారి కనిపిస్తుంది. ఆ యువకుడు ఇప్పుడు అడుగుతున్నది తాగడానికి సౌకర్యం కాదు. పనికి వెళ్ళడానికి, పిల్లను బడిలో దింపడానికి, చికిత్సకు వెళ్ళడానికి అడుగుతున్నాడు. అమెరికాలో చాలా పట్టణాల్లో బస్సులు అంతంత మాత్రమే. ఇల్లు ఒక చోట, ఉద్యోగం ఇరవై ముప్పై మైళ్ళ దూరంలో మరో చోట ఉంటాయి. కారు నడపలేని మనిషికి ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం పోతే అద్దె కట్టలేడు. భార్యాపిల్లలు రోడ్డున పడతారు. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది దివ్యఖుర్‌ఆన్ నేర్పిన సూత్రం (అల్ అన్ఆమ్: 164). తాగినవాడు తండ్రి. ఆకలి మాత్రం పాపకు ఎందుకు? కోర్టు ఇంటి నిర్వహణను కూడా అవసరాల జాబితాలో చేర్చడం వెనుక ఈ దృష్టే ఉంది. ఇంతవరకు అది మన ధర్మానికి పరాయి ఆలోచన కాదు.

రోడ్డు మీదున్న ఇతరుల మాటేమిటి?

అయితే ఇంట్లో ఉన్న పిల్లల గురించి ఆలోచించినంత తేలికగా, రోడ్డు మీదున్న పరాయి పిల్లల గురించి మనం ఆలోచించం. మనవాళ్ళ ముఖాలు మనకు తెలుసు. వాళ్ళ ముఖాలు తెలియవు. అమెరికాలో 2022వ సంవత్సరంలో మద్యం మత్తుతో ముడిపడిన రోడ్డు ప్రమాదాల్లో 13,524 మంది చనిపోయారని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క. అంటే రోజుకు సుమారు 37 మంది. వారిలో చుక్క ముట్టనివారు, తమ దారిన తాము పోతున్నవారు కూడా ఉన్నారు.

ఫిఖ్‌హ్ పండితులు దారి హక్కును ఎంత జాగ్రత్తగా నిర్వచించారో చూడండి. ఉస్మానియా రాజ్యంలో 1869 నుంచి 1876 వరకు హనఫీ ధర్మశాస్త్రం ఆధారంగా కూర్చిన 'మజల్లా' అనే చట్ట సంపుటిలో 926వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. బాటపై నడిచే హక్కు అందరిదీ. కానీ ఆ హక్కుకు ఒక షరతు ఉంది. తప్పించుకోగల హాని ఇతరులకు కలిగించకూడదు. అంటే భద్రత అన్నది తర్వాత అతికించిన నిబంధన కాదు, హక్కులోనే ఇమిడి ఉన్న భాగం. షరతు పోయిన చోట హక్కు కూడా పోతుంది. బాటలోంచి హాని కలిగించే వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక శాఖేనని దైవప్రవక్త (స) బోధించారు. ముల్లును తీసేయమన్న ధర్మం, మత్తులో తోలే కారును బాట మీదికి రానిస్తుందా?

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గారి మరో నిర్ణయం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. బుద్ధి తెలిసిన స్వతంత్రుడైన వయోజనుడి వ్యవహారాలపై ఆంక్ష పెట్టడానికి ఆయన సాధారణంగా ఒప్పుకునేవారు కాదు. అంతటి ఆయన కూడా ముగ్గురిని మాత్రం ఆపాలన్నారు. మొదటివాడు, ప్రజలకు కుయుక్తులు నేర్పే ముఫ్తీ. రెండోవాడు, వైద్యం రాని వైద్యుడు. మూడోవాడు, తన దగ్గర జంతువులు లేకుండానే ప్రయాణికుల దగ్గర కిరాయి పుచ్చుకుని దారిలో వదిలేసే బాడుగదారు. ఒకడి వల్ల ధర్మానికి, ఒకడి వల్ల ప్రాణానికి, ఒకడి వల్ల ధనానికి నష్టం కలుగుతుంది. జనానికి కలిగే నష్టాన్ని ఆపడానికి ఒక వ్యక్తి నష్టాన్ని భరించక తప్పదన్న సూత్రం వీటి నుంచే స్థిరపడింది. తాగి తోలేవాడి లైసెన్సు తీసేయడం ఈ సూత్రానికి అచ్చమైన ఉదాహరణ. కనుక లైసెన్సు పోవడం తనకు జరిగిన అన్యాయమని ఏ ముస్లిం యువకుడూ అనుకోకూడదు.

అవసరం మేరకే అనుమతి

ఇప్పుడు రెండు హక్కులు ఎదురెదురుగా నిలిచాయి. ఒకవైపు ఇంటివారి తిండి, మరోవైపు బాటసారుల ప్రాణం. ఈ రెంటి మధ్య షరీఅత్ చూపిన త్రాసు ఒకటుంది. ప్రాణం పోయే ఆకలిలో ఉన్నవాడికి చచ్చిన జంతువు మాంసం సైతం తినే అనుమతి ఉంది. అయితే రుచి కోసం కోరుకోకూడదు, అవసరాన్ని మించకూడదు అని రెండు హద్దులు గీయబడ్డాయి (అల్ బఖర: 173). దీని నుంచే పండితులు ఒక నియమం తీశారు. అవసరం వల్ల లభించిన అనుమతిని అవసరంతోనే కొలవాలి. ఆకలి తీరిన తర్వాత తినే ఒక్క ముద్ద కూడా మళ్ళీ హరామే.

కోర్టు ఇచ్చే పరిమిత అనుమతిని ఈ కొలతతోనే చూడాలి. దాని పేరులోనే 'పరిమితం' అన్న మాట ఉంది. ప్రివిలేజ్ అంటే ఇచ్చినవారి దయతో దక్కిన వెసులుబాటు తప్ప, తిరిగొచ్చిన హక్కు కాదు. పనివేళలు, పనుల జాబితా, ఊపిరి పరీక్షించే యంత్రం ఇవన్నీ అవసరానికి వేసిన కొలతలు. ఇవి ఉన్నంతవరకే బాటసారుల భద్రత అన్న షరతు నిలబడుతుంది. ఇవి తీసేస్తే మిగిలేది దయ కాదు, నిర్లక్ష్యం.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. నిజమైన అవసరం ఉన్నప్పుడు, చట్టం చూపిన దారిలో, తప్పును ఒప్పుకుని అడగడంలో దోషం లేదు. దీన్ని పైరవీతో పోల్చకూడదు. పెద్ద వంశానికి చెందిన ఒక స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఆమె తరఫున సిఫారసు తెచ్చినందుకు దైవప్రవక్త (స) ఆగ్రహించారు. గొప్పవారిని వదిలేసి బలహీనులను శిక్షించడం వల్లే పూర్వపు జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. నాయకుడికి ఫోను చేయించి బండి విడిపించుకోవడం ఆ కోవలోకి వస్తుంది. న్యాయమూర్తి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్లు చెప్పి, అందరికీ వర్తించే నియమం కింద అనుమతి కోరడం వేరు.

కాగితం మీది మాట ఒక ఒప్పందం

రెండో ప్రశ్న మొదటిదానికంటే కష్టమైనది. అనుమతి దొరికాక దాన్ని ఎలా వాడుకోవాలి?

ఇక్కడే చాలామంది జారిపోతారు. ఆఫీసు నుంచి వచ్చే దారిలో స్నేహితుడి ఇల్లు ఉంది. "తాగలేదు కదా, పది నిమిషాలు ఆగితే ఏమవుతుంది?" అనిపిస్తుంది. అవును, తాగలేదు. కానీ ఆ పది నిమిషాలకు అనుమతి లేదు. విశ్వాసులారా, ఒప్పందాలను నెరవేర్చండన్న ఆదేశంతోనే అల్ మాయిదా సూరా ప్రారంభమవుతుంది. ప్రమాణాల గురించి ప్రశ్నించబడుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయతు హెచ్చరిస్తుంది. అవతలివారు ముస్లిములైతేనే మాట నిలబెట్టుకోవాలని ఎక్కడా లేదు. హుదైబియా ఒప్పందం రాస్తుండగానే, సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చిన అబూ జందల్ (రజి) గారిని తిరిగి పంపవలసి వచ్చినప్పుడు సహాబాల గుండెలు తరుక్కుపోయాయి. అయినా దైవప్రవక్త (స) మాట తప్పలేదు. అంతటి బాధలోనే మాట నిలబడింది. మన స్నేహితుడింట్లో చాయ్ కోసం మాట తప్పుదామా?

తప్పుడు ఉత్తరాల సంగతి ఇంకా తీవ్రమైనది. రాత్రివేళల్లో కూడా నడుపుకోవచ్చన్న ఆశతో, లేని పనివేళలు ఉన్నట్లు రాసివ్వమని తెలిసిన దుకాణదారుణ్ణో బంధువునో అడగడం అబద్ధపు సాక్ష్యం అడగడమే. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోరపాపాల్లో లెక్కించారు. రాసిచ్చినవాడూ అందులో భాగస్వామే. మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా పోయినా సరే న్యాయం పక్షానే సాక్ష్యం ఇవ్వాలని అన్నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది.

అన్నిటికంటే బాధాకరమైనది ఇంట్లోవారిని ఈ పాపంలోకి లాగడం. ఊపిరి పరీక్షించే యంత్రంలో తన బదులు భార్యను ఊదమనడం, ఎదిగిన కొడుకును ఊదమనడం! అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఇలా ఊదడమే ఒక నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ ఇల్లాలి ఊపిరితో కదిలిన కారు ఎవరి మీదికి వెళుతుందో ఆమెకు తెలియదు. పుణ్యంలో సహకరించుకోండి, పాపంలో సహకరించకండి అన్నది అల్లాహ్ ఆజ్ఞ (అల్ మాయిదా: 2). భర్త మాట వినడం ఒక బాధ్యతే. కానీ సృష్టికర్తకు అవిధేయత చూపే విషయంలో ఏ మనిషికీ విధేయత లేదు. ఆ రోజు ఆమె "నేను ఊదనండీ" అని నిలబడితే అది భర్తను ధిక్కరించడం కాదు. అతనికి చేసే అసలైన మేలు అదే. అన్యాయం చేసే సోదరునికి కూడా సహాయం చేయమన్నారు దైవప్రవక్త (స). ఎలాగని సహాబాలు అడిగితే, అన్యాయం చేయకుండా ఆపడమే అతనికి సహాయమని వివరించారు.

మస్జిదుకు వెళ్ళే దారి

ఆ చట్టం ఆరాధనను కూడా అవసరాల్లో చేర్చిందని పైన చెప్పుకున్నాం. మద్యం తాగి పట్టుబడిన మనిషికి మస్జిదు దారి తెరిచి ఉంచమని ముస్లిమేతర ప్రభుత్వమొకటి చెబుతోంది. ఇది మనం గౌరవించవలసిన విషయం. ఈ దారిని జాగ్రత్తగా కాపాడుకోవాలి కూడా. జుమా నమాజు పేరు చెప్పి బజారుకు వెళితే, మోసంలోకి మస్జిదు పేరును లాగినట్లు అవుతుంది.

మరి అతని కాగితం ఇషా, ఫజ్ర్, తరావీహ్ వేళలకు అనుమతించకపోతే? ఇంట్లోవారితో కలిసి జమాఅతుగా నమాజు చేసుకోవాలి. లేదా మరొకరి కారులో వెళ్ళాలి. జమాఅతు పుణ్యం కోసం ఒప్పందం అనే విధిని తెంచకూడదు. ఇక్కడే మస్జిదువారి బాధ్యత మొదలవుతుంది. ఫజ్ర్‌కు దారిలో ఆగి ఆ సోదరుణ్ణి ఎక్కించుకునే వారెవరూ లేకపోతే, రేపు అతను మళ్ళీ పాత స్నేహాల్లోకి వెళితే తప్పు అతనొక్కడిదేనా?

దైవప్రవక్త (స) కాలంలో మద్యం తాగి పదేపదే శిక్ష పొందిన ఒక వ్యక్తి ఉండేవారు. ఒకసారి అక్కడున్నవారిలో ఒకరు అతణ్ణి శపించారు. దైవప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తాడని చెప్పారు. గమనించండి, శిక్షను ఆపలేదు, శాపాన్ని ఆపారు. ఈ రెంటి మధ్య తేడా మన సమాజం తెలుసుకోవాలి. కొందరు శిక్షనూ వద్దంటారు. మరికొందరు శిక్షతో తృప్తిపడక పెళ్ళిళ్ళలో, విందుల్లో అతని కథ చెప్పుకుంటారు. తోటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచడం పుణ్యమే. కానీ అతను షరతులు మీరి నడుపుతుంటే చూసీ చూడనట్లు ఊరుకోవడం కప్పి ఉంచడం కాదు. లోపాన్ని కప్పాలి, ప్రమాదాన్ని కాదు.

మన దేశంలో మాట

ఇక మన దేశం సంగతి. ఇక్కడ మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. అంటే అమెరికా పరిమితికంటే ఎంతో తక్కువ. 2019 సవరణ తర్వాత మొదటిసారి నేరానికి ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. లైసెన్సు సస్పెండు కూడా కావచ్చు. హైదరాబాదు నగరంలో పట్టుబడినవారికి కౌన్సెలింగు ఇవ్వడం కూడా చాలాకాలంగా ఉంది. అయితే సస్పెన్షను కాలంలో పనికి, మస్జిదుకు మాత్రం నడుపుకోమంటూ అమెరికాలో ఇచ్చే తరహా అనుమతి మన చట్టంలో లేదు.

ఆటో, క్యాబు, లారీ నడిపి బతికే కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద దెబ్బ. ఆ బాధను చిన్నచూపు చూడకూడదు. అయినా "అమెరికాలో ఇస్తారట కదా, నేను కూడా పొద్దుటి పూట మాత్రం తోలుకుంటా" అని ఎవరికి వారు అనుమతి ఇచ్చుకోవడం కుదరదు. అర్హత రద్దయిన కాలంలో నడిపితే 182వ సెక్షను కింద మళ్ళీ వేరే శిక్ష ఉంది. షరీఅత్ దృష్టిలో చూసినా, అల్లాహ్ ఇచ్చిన సౌకర్యం వేరు, మనసు కల్పించుకున్న సౌకర్యం వేరు. ఇలాంటి ఇంటికి ఆ మూడు నెలలో ఆరు నెలలో బియ్యం, అద్దె, పిల్లల ఫీజు చూసుకోవడానికి జకాత్, సదఖా ఉన్నాయి. బస్తీలోని బైతుల్‌మాల్ ఇలాంటి రోజుల కోసమే. తండ్రి తప్పుకు పిల్లలు ఆకలితో ఉండకూడదన్న సూత్రాన్ని అక్కడ కోర్టు ఒక కాగితంతో అమలు చేస్తుంటే, ఇక్కడ మనం మన చేతులతో అమలు చేయవచ్చు.

కాగితం ఇవ్వలేనిది

చివరిగా ఒక మాట. కోర్టు అనుమతి వచ్చింది కాబట్టి అంతా సర్దుకుందని అనుకోవడం పొరపాటు. న్యాయమూర్తి కాగితం కారుకు సంబంధించినది. పాపానికి సంబంధించిన లెక్క వేరే చోట ఉంది. తౌబాకు పండితులు షరతులు చెప్పారు: ఆ పనిని వెంటనే వదిలేయాలి, చేసినందుకు కుమిలిపోవాలి, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. అందులో తోటి మనిషి హక్కు ఉంటే దాన్ని తిరిగి చెల్లించాలి. ఆ రాత్రి ఎవరికైనా గాయమైతే, బీమా కంపెనీ డబ్బు కట్టిందని ఊరుకోకూడదు. వెళ్ళి క్షమాపణ అడగాలి. ప్రాణమే పోతే, పొరపాటున జరిగిన హత్యకు సైతం రక్తపరిహారం, ప్రాయశ్చిత్తం రెండూ ఉన్నాయని అన్నిసా సూరా 92వ ఆయతు తెలుపుతోంది. తన చేతులారా తెచ్చుకున్న మత్తు సాకుగా చెల్లదు.

నిందలు మోపి శిక్ష పొందినవారి సాక్ష్యాన్ని స్వీకరించవద్దని చెప్పిన అన్నూర్ సూరాలోనే, ఆ వెంటనే తౌబా చేసి తమను సరిదిద్దుకున్నవారి ప్రస్తావన వస్తుంది (4, 5 ఆయతులు). తౌబా తర్వాత అలాంటి వ్యక్తి సాక్ష్యం మళ్ళీ చెల్లుతుందని ముగ్గురు ఇమాములు అన్నారు. పాపం క్షమించబడుతుంది గానీ సాక్ష్యం చెల్లదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. ఈ అభిప్రాయభేదంలో మనకొక పాఠం ఉంది. అల్లాహ్ క్షమించడం ఒక విషయం, జనం మళ్ళీ నమ్మడం మరో విషయం. మొదటిది నిజమైన తౌబాతో ఒక్క రాత్రిలో లభించవచ్చు. రెండోదానికి కాలం పడుతుంది. పరిమిత అనుమతి ఆ కాలానికి పెట్టిన పేరు. రోజూ అదే దారిలో వెళ్ళి, అదే వేళకు తిరిగి వచ్చి, ఎవరూ చూడని మలుపు దగ్గర కూడా పక్కకు తిరగకుండా ఉన్నవాడు పోయిన నమ్మకాన్ని కొంచెం కొంచెంగా తిరిగి సంపాదిస్తాడు. ఆ మలుపు దగ్గర పోలీసు ఉండకపోవచ్చు. అల్లాహ్ ఉంటాడు.

కాబట్టి తల్లిదండ్రులారా! మీ బిడ్డకు ఇలాంటి కాగితం దొరికిందని తెలిసిన రోజున "గండం గడిచింది" అని ఊపిరి పీల్చుకుని ఊరుకోకండి. "నాయనా, నీ చేతికి ఒక అమానతు వచ్చింది. దాన్ని ఇచ్చిన హద్దుల్లోనే వాడుకో" అని చెప్పండి. వారం వారం అడగండి. అతని కోసం దుఆ చేయండి.

అల్లాహ్ మన సంతానాన్ని మత్తు నుంచి, దాని దారుల నుంచి కాపాడుగాక! జారిపడినవారికి నిజమైన తౌబాను, ఇచ్చిన మాటపై నిలబడే శక్తిని ప్రసాదించుగాక! బాటసారులకు మన చేతుల వల్ల హాని కలగకుండా రక్షించుగాక! ఆమీన్.